పచ్చ గీత

మే నాలుగు, ఆదివారం. ఉల్లిగడ్డ వెయ్యని మామిడికాయ పప్పుతో అన్నం తిని చేతులు కడుక్కున్న అరగంటకే వినోద తన అనుమానం బయటపెట్టింది.

"నిజం చెప్పు స్వామీ. కల్లు తాగి వచ్చినవా?"

కొమురెల్లి ఒళ్లో డోలక్, మెడలో హనుమాన్ మాల, ఒంటి మీద కాషాయం. ఆయన ముఖం ఎర్రబడింది. "మాలల ఉన్నోణ్ని గా మాట అడుగుతవా బిడ్డా? నోరెట్లొచ్చింది నీకు?"

"మరి దెబ్బ వెనుకకెందుకు పడ్తుంది? ఒక్కసారి గాదు, రెండుసార్లాయె!"

కరీంనగర్‌లో రిటైరైన లెక్చరర్ బాలకిషన్‌రావు ఇంటి ముందు గది అది. కంప్యూటర్ ఉంది గానీ మైకు ఒక్కటే. అందుకే వినోద పాటను పొద్దున్నే రికార్డు చేశారు. ఇప్పుడు దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ కొమురెల్లి డోలక్ వాయించాలి. రెండూ కలిపి ఈ సాయంత్రం పంపితేనే పెద్ద హనుమాన్ జయంతి నాడు కొండగట్టు మీద వాళ్ల భజన మండలికి చోటు. కానీ ప్రతి దెబ్బా పాట దాటిపోయాక పడుతోంది.

"మనిషిది గాదేమో, మిషన్‌దేమో," అన్నాడు బాలకిషన్‌రావు. "వైరు లేని హెడ్‌ఫోన్లల్ల పాట చెవులకు చేరేసరికే ఆలస్యమైతది."

స్పీకర్లు బందే ఉంచి, లోపలి నుంచి వైరున్న హెడ్‌ఫోన్లు తెచ్చి కొమురెల్లికి పెట్టాడు. "వినవడ్తుందా?"

"మస్తుగ వినవడ్తుంది సారూ. జర గా తెర ఇంకింత ఇటు తిప్పుండ్రి."

తెర మీద వినోద గొంతుతో పాటే ఒక పచ్చ గీత లేస్తూ పడుతూ ఉంది. కొమురెల్లి దాని మీది నుంచి చూపు తిప్పకుండా వాయించాడు. తర్వాత స్పీకర్లు పెట్టి వింటే మళ్లీ ఆలస్యమే. ముందు ఎంతో ఇప్పుడూ అంతే.

బాలకిషన్‌రావు కళ్లజోడు సర్దుకున్నాడు. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెం పోగేసి వదులుతుంది. ఆ పోగు ఎంత చిన్నదైతే ఆలస్యం అంత తక్కువ. అయిదు వందల పన్నెండు ఉన్న అంకెను నూట ఇరవై ఎనిమిదికి తెచ్చాడు. అరవై నాలుగు చేసి స్పీకర్లలో వింటే పేలాలు వేగినట్టు చిటపట మొదలైంది. మళ్లీ నూట ఇరవై ఎనిమిదికే వచ్చి స్పీకర్లు బంద్ చేశాడు.

"ఇప్పుడెట్లుంది?"

"మస్తుగుంది సారూ, సాఫ్ వినవడ్తుంది."

వాయించాడు. అంతే ఆలస్యం.

వినోద ఫోన్ చేతిలోకి తీసుకుంది. "మిషన్‌ది గాదు, ఏం గాదు సార్. వేములవాడల డోలక్ కొట్టే అరుణ్‌ను పిలుస్త. గంటల వస్తడు. జయంతికి గూడ ఆయననే తీస్కపోదాం."

"గట్ల చెప్పు!" అన్నాడు కొమురెల్లి. "నన్ను తీసేసుటానికే గిదంతా. కంప్యూటర్ల ఏం తిప్పిండ్రో ఏందో మీకే ఎరుక."

బాలకిషన్‌రావుకూ కల్లు అనుమానం పీకుతోంది. హెడ్‌ఫోన్ సర్దుతున్నట్టు దగ్గరికి వంగి చూశాడు. సిందూరం, కర్పూరం వాసన తప్ప మరేమీ లేదు. వెనుక నిలబడి, "కొమురెల్లీ, జర జరుగు, వైరు చూస్త," అన్నాడు. ఆయన కదల్లేదు.

"చూడుండ్రి, అలుగుడొకటి," అంది వినోద.

బాలకిషన్‌రావు వైరు పట్టుకుని బల్ల కిందికి వంగాడు. కొంతసేపు అక్కడే ఉండిపోయాడు. లేచేసరికి వినోద నంబరు వెతుకుతోంది.

"ఫోన్ పెట్టెయ్ వినోదా. దొరికింది. తప్పు నాదే."

తెరను గోడవైపు తిప్పాడు. "హెడ్‌ఫోన్లు నువ్వు పెట్టుకో. ఆయనకు ఎదురుంగ కూసో. గొంతు తియ్యకు, ఉత్త పెదవులు కదుపు, చేత్తోని తాళం చూపియ్. చప్పుడు రావద్దు."

"మరి స్వామికి?"

"కొందరికి చెవుల మీద బరువుంటే చెయ్యి ఆడదు."

బాలకిషన్‌రావు కొమురెల్లి ఎదుటికొచ్చి అదే మాట ఆయనకూ నిదానంగా చెప్పాడు. కొమురెల్లి ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి తల దించుకున్నాడు.

ఈసారి ఒక్క దెబ్బ కూడా పక్కకు పోలేదు. పాట, డోలక్ ఒకే మనిషి ఊపిరిలా నడిచాయి. వినోద హెడ్‌ఫోన్లు తీసేసి కొమురెల్లి కాళ్లకు మొక్కింది. "తప్పయింది స్వామీ. గుట్ట మీద నీ డోలకే."

"లే బిడ్డా, లే. అంజన్న చూసుకుంటడు," అన్నాడు కొమురెల్లి కండువాతో కళ్లు తుడుచుకుంటూ.

పాట పంపేసరికి చీకటి పడింది. కొమురెల్లి డోలక్ భుజానికి తగిలించుకుని మెట్లు దిగాడు. గడపలో వినోద ఆగింది.

"అసలు బల్ల కింద ఏం దొరికింది సార్?"

"వైరుల జర లోపం. గుట్ట మీద గూడ నువ్వు ఆయనకు ఎదురుంగనే కూసోని పాడు. మరువకు."

ఆమె తలూపి వెళ్లింది. కొమురెల్లి "మస్తుగ వినవడ్తుంది" అన్నప్పుడల్లా ఆ హెడ్‌ఫోన్ల పిన్ను కంప్యూటర్‌కు తగిలించకుండానే బల్ల కింద నేల మీద పడి ఉందన్న సంగతిని తన దగ్గరే ఉంచుకుని, బాలకిషన్‌రావు ఆ రాత్రికి తలుపు మెల్లగా మూశాడు.