పౌడరు పూసుకున్న ఇంజను

"ఇంజనుకి పౌడరేంటండీ, ఫొటో దిగుతుందా?" అంటూనే భార్య తన డబ్బా అందించింది.

"కడిగి తుడిచానుగా. ఇప్పుడు ఆయిల్ ఎక్కడ కారినా చార కనబడుతుంది," అంటూ లారీ డ్రైవరు డబ్బా మొత్తం దులిపేశాడు.

లీకు అడుగు సీలు నుంచేనని, ఇంజను దించాల్సిందేనని ఇద్దరు మెకానిక్కులు తేల్చేశారు. విసుగెత్తి, భార్య పోరు కూడా పడలేక, అతను పాత లారీని తుక్కుకి ఇచ్చేస్తానన్నాడు. వ్యాపారి మధ్యాహ్నం వస్తాడు. ఇదే ఆఖరి ప్రయత్నం.

ఇంజను స్టార్ట్ చేసి అతను కిందికి దూరాడు. ఆవిడ బంపరెక్కి పైనుంచి తొంగిచూసింది.

"ఏమండీ! కింద కాదు, ఇక్కడ! ఈ పై మూత అంచునుంచి వెనక్కి జారుతోంది!"

అతను పౌడరు రాలి తెల్లబడ్డ మొహంతో లేచొచ్చి చూశాడు. ఆయిల్ కారకుండా మూత కింద వేసే గాస్కెట్ పగిలింది. అక్కడ కారిందే వెనకనుంచి దిగి అడుగున చుక్కలు కడుతోంది.

"ఓసి నీ! ఇది గంట పనే!" అంటూ పడీపడీ నవ్వాడు.

కొత్త గాస్కెట్ బిగించి అరగంట నడిపినా చుక్క రాలలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని గెంతులేశారు.

"ఇంతకీ అమ్మేయమని పోరుపెట్టింది నువ్వేగా?" అన్నాడతను.

"దానిమీద కోపమా నాకు? ఆర్నెల్లుగా మీరు దాని కిందే కాపురం. ఏం చెప్పాలన్నా మీ కాళ్ళతో చెప్పుకోవాల్సొచ్చింది!"

అతని నవ్వాగిపోయింది. వ్యాపారికి ఫోన్ చేసి రావద్దన్నాడు. లారీ తలుపు తీసి, "ఎక్కు. ఎక్కడికెళ్దాం?" అన్నాడు.

"ఎక్కడికైనా సరే," ఆవిడ ఒక్క గెంతులో ఎక్కి కూర్చుంది. "హారను మాత్రం నేనే కొడతాను!"