ఎనిమిదికి ఐదు

"నొప్పి ఎంతుంది తాతగారూ? పదిలో చెప్పండి."

"ఎనిమిదమ్మా. టైము కూడా వేసుకో. పది దాటి పన్నెండు నిమిషాలు."

నర్సుకు ఒళ్లు మండింది. ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాడు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకి మంచాన పడినా నిమిషాల పట్టింపు మాత్రం వదల్లేదు.

"మార్ఫిన్ పెంచాం కదా? ఇంకా ఎనిమిదేనా?"

"రెండు రోజులు హాయిగా ఉంది. మళ్లీ మొదటికొచ్చింది."

"మందు రుచి మరిగారు, అంతే!"

"కాదమ్మా. మెదడులో ఈ మందుకు తలుపులుంటాయట. రోజూ తడుతుంటే కొన్ని లోపలికి వెళ్లి దాక్కుంటాయట. ఉన్నవీ సరిగ్గా తెరుచుకోవట. ఇక పాత మోతాదు చాలదు. అది నా యావ కాదు, మెదడు చేసే పని."

"అబ్బో, డాక్టరుగారు చెప్పొచ్చారు!"

పక్క మంచాలవాళ్లు నవ్వారు.

ఆమె చార్టులో ఐదు వేసింది. రోజూ అంతే. డాక్టరు నర్సుల బల్ల దగ్గరే ఆ అంకె చూసి మోతాదు రాసి వెళ్లిపోయేవాడు. ముసలాయన వ్యసనంలో పడకుండా కాపాడుతున్నానని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది.

"ఎంత రాశావమ్మా?"

"మీరు చెప్పిందే."

ఆయన ఆమె పెన్ను కదిలిన తీరు చూశాడు. దిండు కింది నుంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

ఆ తర్వాత పదకొండో రోజు మధ్యాహ్నం, దుప్పటి అంచు గట్టిగా పట్టుకునే ఆయన పోయాడు.

గంటలోపే పరిశోధనశాల నుంచి ఒకావిడ ఐసు పెట్టెతో వచ్చింది.

"ఆయన మెదడు మాకు రాసిచ్చారు. ఈ మందు ఎందుకు పనిచేయడం మానేస్తుందో చూడాలి. రోజువారీ నొప్పి అంకెలు ఇవ్వండి. అవి లేకపోతే మెదడు ఉండీ లాభం లేదు."

నర్సు చార్టు అందివ్వబోయి వెనక్కి తీసుకుంది.

"చార్టు తప్పు మేడమ్. నేనే తగ్గించి రాశాను. పాపం, ఎంత ఓర్చుకున్నాడో!" అని ఏడ్చేసింది.

"దిండు కింద నోటుబుక్కు ఉంటుందని ఆయన మాతో అన్నారే?"

నర్సు తీసి తెరిచింది. అన్నీ ఎనిమిదులు, తొమ్మిదులు. పక్కన నిమిషాలు.

చివరి పేజీలో వంకర అక్షరాలు: "చార్టులో అంకెలు తక్కువుంటాయి, ఆ పిల్లను ఏమీ అనకండి. నా తలలో మూసుకుంటున్న తలుపులు తనకెలా కనిపిస్తాయి? మీరేం కనిపెట్టినా ముందు ఆమెకే చెప్పండి, రేపు ఈ మంచం మీదికి ఇంకొకరు వస్తారు."