గైడ్ అక్కర్లేదు

"దొరికిందా?"

ఫోన్లో గురుమూర్తి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"దొరుకుతుందండీ. ఇల్లు ఇక్కడే ఎక్కడో ఉంది. మీరు ముందు రెండు ముద్దలు తినండి."

"వచ్చెయ్ భానూ. ఇంక నావల్ల కాదు."

భర్త ఆ మాట అంటాడనే భానుమతి భయపడుతూ వచ్చింది. నిన్న డబ్లిన్‌లో విమానం ఎక్కేముందు వంటింటి అలమరలో ఉన్న మాత్రలన్నీ తీసి మూటగట్టింది. ఆ మూట పక్కింటి హెలెన్ చేతిలో పెట్టి, ఆయన్ని ఒంటరిగా వదలొద్దని బతిమాలుకుని వచ్చింది.

"అలా మాట్లాడారంటే నా మీదొట్టు. హెలెన్‌కివ్వండి ఫోను."

"నేనున్నానుగా. నువ్వు వెతుకు," అంది హెలెన్.

రేపు పొద్దున పదకొండింటికి విచారణ.

ఆస్పత్రిలో పడకూడని ఇంజెక్షన్ పడి ఓ రోగి చనిపోయాడు. ఇవ్వమన్నది డాక్టర్ గురుమూర్తేనని కాగితాల్లో రాసుంది. ఇవ్వొద్దని ఆయన రెండుసార్లు చెప్పాడు. ఆ మాట విన్న మనిషి ఒక్కతే, వార్డులో రోగుల పక్కలు సర్దే ఇవానా. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం మానేసి సొంత ఊరు వెళ్ళిపోయింది. పాత ఫోన్ నంబరు పలకడం లేదు. ఆమె ఫొటో కూడా ఎవరి దగ్గరా లేదు. ఆమెని గుర్తుపట్టగల గురుమూర్తేమో మంచం దిగడం లేదు.

ఇవానా ఫోన్లో ఒక్క మాట చెబితే చాలు, ఆయన డాక్టరుగా మిగులుతాడు. అసలు మనిషిగా మిగులుతాడు.

"మాది చక్రవర్తి కోటలో ఇల్లు. చర్చి గంట కొడితే మా వంటింట్లో గిన్నెలు మోగుతాయి," అని ఇవానా వార్డులో అంటుండేదట. అందరూ నవ్వేవారట.

తీరా వచ్చి చూస్తే అది నిజమే. క్రొయేషియాలో, స్ప్లిట్ అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున రోమన్ చక్రవర్తి పదిహేడు వందల ఏళ్ళ కిందట కట్టించుకున్న కోట. ఇప్పుడా గోడల్లో జనం హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు. రాతి స్తంభాల మధ్య దుప్పట్లు ఆరుతున్నాయి. చక్రవర్తిగారి సమాధి చర్చి అయి కూర్చుంది.

భానుమతి ఆ చర్చి చుట్టూ ఉన్న గుమ్మాలు ఒక్కొక్కటే ఎక్కి దిగింది. ఇవానాలు నలుగురు తేలారు. ఒకామె పళ్ళ డాక్టరు. ఒకామెకి ఆరేళ్ళు. మిగతా ఇద్దరూ ఐర్లండ్ మొహం చూసినవాళ్ళు కారు.

రోమన్ సైనికుడి వేషం కట్టినవాడొకడు ఫొటో దిగమని వెంటపడ్డాడు. గదులు అద్దెకిచ్చే ముసలమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. వాళ్ళని వదిలించుకునేసరికి భానుమతికి తలప్రాణం తోకకొచ్చింది. ఓ ఇరుకు సందులో మెట్ల మీద కూలబడి భోరుమంది.

"నీళ్ళు తాగుతారా?"

ఎదురుగా ఎవరో ఆడమనిషి, చేతిలో పెద్ద పెట్టె. పెట్టెలో అమ్మకానికి ఏవో తెచ్చినట్టుంది. భానుమతి హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది.

"ఇందాక మీరు ఎవరితోనో డబ్లిన్ అంటుంటే విన్నాను. ఐర్లండ్ నుంచా?"

భానుమతి మొహం పక్కకి తిప్పుకుంది. హంపీలో, తాజ్‌మహల్ దగ్గరా నేర్చుకున్న విద్య అది. ఒక్క మాట బదులిచ్చామా, ఇక జిడ్డులా పట్టుకుంటారు.

"నేనూ అక్కడ ఆరేళ్ళున్నాను. యూ ఆర్ గ్రాండ్, ఏం ఫరవాలేదు. ఏడవకండి."

గ్రాండట, గ్రాండ్! ఐరిష్ వాళ్ళ మాట కూడా పట్టేసిందే అనుకుంది భానుమతి. హంపీ గైడ్లు మాత్రం, తెలుగు వాడు కనిపిస్తే తెలుగు దంచెయ్యరూ?

"ఏమైనా తిన్నారా?"

"అక్కర్లేదు."

"ఎవరికోసమైనా వెతుకుతున్నారా?"

"ఎవరికోసమూ కాదు. నాకు గైడ్ అక్కర్లేదు. గదీ అక్కర్లేదు. దయచేసి వెళ్ళండి."

ఆ మనిషి మొహం చిన్నబోయింది. గడియారం చూసుకుని, నీళ్ళ సీసా మెట్టు మీద పెట్టి, పెట్టె ఈడ్చుకుంటూ రేవు వైపు వెళ్ళిపోయింది.

సీసాలో ఏం కలిపారో ఎవరికి తెలుసని భానుమతి దాన్ని ముట్టుకోలేదు. లేచి మళ్ళీ సందులన్నీ గాలించింది. రెండు గంటలు గడిచాయి. ఎక్కడో ఓడ కూత వేసింది.

ఇక చూడని గుమ్మం ఒక్కటే, ఇందాక కూర్చున్న మెట్ల పైన. ఎక్కి చూస్తే తాళం. కిందనుంచి ఒక ముసలాయన గుడ్డ కప్పిన పళ్ళెంతో ఆయాసపడుతూ వస్తున్నాడు.

"ఇవానా ఇల్లు ఇదేనా? డబ్లిన్ ఆస్పత్రిలో పనిచేసిన ఇవానా?"

"ఇదే. నేను పక్కింట్లో ఉంటాను," అన్నాడు మంచి ఇంగ్లీషులో.

భానుమతికి ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడుంది?"

"వెళ్ళిపోయిందమ్మా. సరుకుల ఓడలో వంటపని. ఇందాక కూత వేసింది ఆ ఓడే."

"ఫోన్ నంబరు?"

"డబ్లిన్ నుంచి వచ్చాక ఫోనే మానేసింది. ఏదైనా రేవు తగిలితే ఉత్తరం రాస్తుంది."

భానుమతి మెట్ల మీద కూర్చుంది. హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగుతోంది. ఆయనే. ఎత్తి ఏం చెప్పాలి? తీసే ధైర్యం లేదు.

ముసలాయన గాభరాగా పక్కన కూర్చున్నాడు.

"అయితే ఐర్లండ్ నుంచి వచ్చింది మీరేనా? మీకోసమే రెండు గంటలుగా కోటంతా తిరుగుతున్నాను. అన్నం చల్లారిపోయింది," అంటూ పళ్ళెం మీది గుడ్డ తీశాడు. "ఓడకి వెళ్తూ వెళ్తూ ఇవానా నన్ను దారిలో ఆపింది. 'మన మెట్ల మీద కూర్చుని ఒకావిడ ఏడుస్తోంది, నన్ను చూసి భయపడింది, పెద్దవారు మీరు పెడితే తింటుంది' అని చెప్పి వెళ్ళింది."