కుడివైపు దెబ్బ

ఊపినప్పుడల్లా పికప్ వ్యాను వెనకనుంచి టక్... టక్... మంటోంది.

మెకానిక్ కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి విన్నాడు. బండి చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడని అతనికి పేరు. ఆ పేరుని అందరికంటే గట్టిగా నమ్మింది అతనే!

"ఎడమవైపే. అనుమానం లేదు."

"అన్నా, ఎడమవైపు షాకబ్జరు మార్చావు, బుష్‌లు మార్చావు. అయినా మోగుతూనే ఉంది" అన్నాడు డ్రైవరు దిగులుగా. "కాసేపట్లో కొండమీది బడికి బల్లలు తీసుకెళ్ళాలి. పక్కసీట్లో మా ఆవిడ, పసిది కూడా ఉంటారు. మధ్యదారిలో ఏమైనా అయితే?"

"నేనుండగా ఏమవుతుందిరా?" అన్నాడే గానీ, మెకానిక్‌కి లోపల గుబులుగానే ఉంది.

బస్సు కోసం షెడ్డు నీడలో నిలబడ్డ ఒక పెద్దాయన వాళ్ళ దగ్గరికొచ్చారు. ఇందాకటినుంచీ వాళ్ళిద్దరి మొహాల్లోకే చూస్తున్నారాయన.

"నన్నొకసారి చూడనిస్తావా నాయనా?"

మెకానిక్ స్పానర్ల పెట్టెలోకి వంగాడు. "మీకెందుకండీ ఈ గొడవ? వెళ్ళి బస్సు చూసుకోండి."

పెద్దాయన ఆ మాట లెక్కచెయ్యనే లేదు. చొక్కా చేతులు మడిచి బండి కిందికి దూరారు.

"ఏం మనిషండీ బాబూ!" మెకానిక్‌కి ఒళ్ళు మండింది.

వెనక చక్రాల మీద బరువు మోసే ఎడమ కమానుకి అరచెయ్యి ఆనించారు పెద్దాయన.

"బండి ఊపండి."

డ్రైవరు వెనకెక్కి ఊపాడు. తర్వాత కుడి కమాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ తంతోంది. మధ్యబోల్టు విరిగింది" అంటూ బయటికొచ్చారు.

మెకానిక్ ఆయన ఎదురుగా నిలబడి నవ్వాడు. "చప్పుడు ఎడమనుంచి వస్తుంటే కుడివైపంటారేంటి?"

"చప్పుడు ఇనుము పట్టుకుని ఎటైనా పోతుంది నాయనా. దెబ్బ మాత్రం పుట్టినచోటే గట్టిగా తగులుతుంది. చెయ్యి పెట్టి చూడు."

డ్రైవరు మళ్ళీ ఊపుతుంటే మెకానిక్ కిందికి దూరి చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

గబగబా విప్పాడు. కమాను పట్టీలన్నిటినీ కలిపి ఉంచే బోల్టు రెండు ముక్కలై చేతిలో పడింది. బరువుతో కొండెక్కితే, ఏదో ఒక మలుపులో వెనక చక్రాలు పక్కకి జరిగిపోయేవి!

డ్రైవరు ఆ ముక్కలు తీసుకుని తిప్పి చూశాడు. "మావాళ్ళని బతికించారన్నా ఆయన."

తలెత్తి చూస్తే పెద్దాయన అప్పటికే రోడ్డుమీదున్నారు. బస్సు వచ్చేసింది.

"పెద్దాయనా! తప్పయిపోయిందండీ! ఒక్క నిమిషం ఆగండి!"

మెకానిక్ కేకలేస్తూ పరుగెత్తాడు. ఆయన వెనక్కి తిరగలేదు. బస్సు కదిలిపోయింది.

మెకానిక్‌కి సిగ్గుగా, బాధగా అనిపించింది. అక్కడే నిలబడిపోయాడు.

అంతలో ఒకావిడ చేతిసంచీతో ఆయాసపడుతూ వచ్చింది. "మా మామగారు బస్సెక్కేశారా? సంచీ మరిచిపోయారు."

"ఇప్పుడే ఎక్కారమ్మా. ఎంత పిలిచినా పలకలేదు. నామీద కోపం వచ్చినట్టుంది."

"మామగారికి కోపమా!" ఆవిడ నవ్వేసింది. "ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పోల్చుకుంటారు గానీ, వెనకనుంచి పిలిస్తే ఎలా? నలభై ఏళ్ళు సుత్తితో కమాను పట్టీలు కొట్టీ కొట్టీ, ఆయనకి చెవులు పూర్తిగా పోయి పదేళ్ళయిందండీ."