పుంజు తగాదా

"పుంజు నాది!" అని రెక్కలు పట్టుకున్నాడు ఇశ్రాయేలు.

"నీ మొహం, నాది!" అని కాళ్లు పట్టుకున్నాడు పక్కింటి మరియదాసు.

మధ్యలో ఎర్రపుంజు గుణదల కొండదాకా వినబడేలా అరుస్తోంది.

పాస్టరు సంజీవరావుగారు సైకిలు దిగి, స్టాండు కూడా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చారు. తెల్లారితే బిషప్‌గారు వస్తున్నారు. సంఘంలో ఇరుగుపొరుగువాళ్లు కొట్టుకుంటున్నారని ఆయన చెవిన పడిందంటే పాస్టరుగారి పరువు కృష్ణలో కలిసినట్టే.

"నేను స్టేషన్‌కి పోతానండి అయ్యగారూ," అన్నాడు ఇశ్రాయేలు.

"పోవయ్యా పో! నేను కోర్టుకే పోతా," అన్నాడు మరియదాసు.

"పొండి. మాంసం పోలీసులకి, ఎముకలు ప్లీడరుకి, ఈకలు మీకు! ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకరించేవాళ్లు, కోడి కోసం ఇదేం పనయ్యా?"

ఇద్దరూ సిగ్గుపడి తలలు దించుకున్నారు. పుంజును మాత్రం వదల్లేదు.

పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థించారు. కళ్లు తెరిచేసరికి ఉపాయం తట్టింది.

"నాదీ వద్దు, నీదీ వద్దు. కోసి ఒకే కుండలో వండండి. రెండిళ్లవాళ్లూ ఒకే చాపమీద కూచుని తినండి. శాంతి దానంతటదే వస్తుంది."

ఇశ్రాయేలు భార్య రూతు మసాలా నూరింది. మరియదాసు భార్య అమలమ్మ పొయ్యి రాజేసింది. మధ్యాహ్నానికి కూర వాసన కాలవ అవతలికి కూడా పాకింది. మర్యాద ప్రకారం కాలుముక్క పాస్టరుగారి విస్తట్లో పడింది. రెండో కాలుముక్క దగ్గర మాత్రం మళ్లీ గొడవ మొదలైంది.

"నువ్వు తిను తమ్ముడూ, పుంజు నీదేలే."

"కాదన్నా, నీదే. నువ్వే తిను."

తగాదా ముదిరేలా ఉందని దాన్ని కూడా పాస్టరుగారే తినేశారు.

ఆయనకి మనసూ నిండింది, కడుపూ నిండింది. ఎంత సంతోషమో చెప్పలేం! ఇద్దరూ సమాధానపడ్డ ఈ కబురు రేపు బిషప్‌గారికి ఎలా విన్నవించాలా అని చెయ్యి కడుక్కుంటూనే మాటలు కూర్చుకుంటున్నారు. అంతలో ఆయన భార్య మణెమ్మగారు ఖాళీ గంప పట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు.

"ఏవండీ, బిషప్‌గారి భోజనానికని పొద్దున మీరటు వెళ్లగానే ఓ ఎర్రపుంజుని కొని ఈ గంప కింద మూశాను. ఎలా తప్పించుకుందో ఏమో, ఇటుగానీ వచ్చిందా?"