షుగర్ పడిపోతే

చెల్లెలి సంచి సర్దుతూ అందులోని గ్లూకోజు బిళ్ళలు తీసేసి, షుగర్ లేని చూయింగ్ గమ్ పెట్టాను.

"నా బిళ్ళలు పెట్టావా అక్కా?"

"అన్నీ పెట్టానే తల్లీ, నడు! బస్సేమైనా నీ మేనమామదా, ఆగడానికి?"

బస్సు వెళ్ళిపోయాక, నర్సు పని చేసే కోడలు బల్ల మీది బిళ్ళలు చూసింది.

"ఇవెందుకు తీశారు అత్తయ్యా? దారిలో పిన్నిగారికి షుగర్ పడిపోతే?"

"పడిపోతే మంచిదేగా! ఆ జబ్బు తగ్గాలనేగా మన ఏడుపంతా. గమ్మూ తియ్యగానే ఉంది."

"అది నోటికే తీపి. ఇన్సులిన్ వేసుకునే మనిషికి షుగర్ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు ఆదుకునేవి ఈ బిళ్ళలే."

ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. బస్సును అందుకునే కాళ్ళా ఇవి? మళ్ళీ చేశాను.

మా చెల్లెలు తిరిగి రాలేదు. అది జూన్ పన్నెండు, గురువారం.