కట్టు దాటిన నీరు

కడియం నర్సరీల్లో ఇప్పుడు దాదాపు అందరి కళ్ళకీ ఊట అద్దాలే. అవి పెట్టుకుంటే చాలు, మొక్క లోపల ఎక్కే నీళ్ళు నీలిగీతల్లా కనిపిస్తాయి. అంటుకట్టే నూకరత్నానికి ఆ అద్దాలతోనే బెంగ పట్టుకుంది. తుఫానుకి కూలిన పాత మామిడిచెట్టు నుంచి మిగిలింది ఒకే ఒక్క పుల్ల. దాన్ని టెంకమొక్కకి కట్టి తొమ్మిది రోజులైంది. వేరు నుంచి ఎక్కిన నీలిగీత కట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఈ అంటు చచ్చిపోయింది మావయ్యా. విప్పి మళ్ళీ కడతాను," అంటూ బ్లేడు తీసింది.

"ఇరవై ఒక్క రోజులు ముట్టుకోవద్దన్నానా లేదా? అద్దాలొచ్చాక చచ్చింది మీ ఓపిక, మొక్క కాదు," అన్నాడు మామగారు గంగరాజు. ఆయన ఏనాడూ అద్దాలు పెట్టుకోలేదు.

ఆమె చెయ్యి ఆగింది. రోజూ పొద్దున్నే వచ్చి చూసేది. పద్నాలుగో రోజున, వెంట్రుకంత నీలిగీత ఒకటి తడుముకుంటూ కోత దాటింది. ఎండినట్టున్న పుల్లలోకి పాకి, కొసనున్న మొగ్గని తాకింది.

"మావయ్యా, దాటేసింది! మీరూ చూడండి!"

గంగరాజు ఆమె అద్దాలు పెట్టుకుని మొక్క మీదికి వంగాడు.

"నలభై ఏళ్ళుగా కడతన్నానమ్మా. లోపల ఇంత పని జరుగుద్దా!" అన్నాడు. పెద్దల ముందు నిలబడినట్టు, భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నాడు.